పెట్టీ కేసులో కట్టిన రెండు వందలు ఉద్యోగం ఫారంలో రాయాలా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది హన్మకొండ. నాకు 25 ఏళ్లు. 2023లో ఫ్రెండ్ పుట్టినరోజని రాత్రి పన్నెండింటికి కాలనీ రోడ్డు మీద కేకు కోసి, టపాకాయలు కాల్చి, సౌండ్ బాక్స్ పెట్టి పాటలు వేశాం. ఎవరో వందకి ఫోన్ చేశారు. పెట్రోలింగ్ వాళ్లు వచ్చి నలుగురినీ స్టేషనుకు తీసుకెళ్లి, పేర్లూ ఆధార్ నంబర్లూ రాసుకుని, రెండింటికల్లా ఇంటికి పంపేశారు. తర్వాత కోర్టుకు రమ్మంటే ముగ్గురం వెళ్లి తప్పు ఒప్పుకుని తలా రూ.200 కట్టాం. నాలుగోవాడు ఊళ్లో లేక రాలేదు. నా రసీదు మీద ఎస్.టి.సి. నంబరు, 290 ఐపీసీ అని ఉంది.

ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో క్లర్కు ఉద్యోగానికి సెలెక్టయ్యాను. అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, జరిమానా పడిందా, శిక్ష పడిందా అని వరుసగా అడిగారు. మా బాబాయి ‘పెట్టీ కేసు కేసే కాదురా, ఎఫ్ఐఆర్ కూడా లేదు, అన్నిటికీ నో పెట్టు’ అంటున్నాడు. డాలస్‌లో ఉన్న మా అక్క ‘అది మిస్డిమీనర్, దాస్తే తర్వాత ఇబ్బంది పడతావ్’ అంటోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం రాయాలి? ఆరోజు కోర్టుకు రానివాడు ఇప్పుడు దుబాయి పోదామని చూస్తున్నాడు. వాడి సంగతేంటి?

జవాబు: రాయండి. ముందు ఈ ఒక్క మాట విని నిద్రపోండి, మిగతాది పొద్దున చదువుకోవచ్చు. రోడ్డు మీద గోల చేసినందుకు పడిన రూ.200 జరిమానా వల్ల క్లర్కు ఉద్యోగం పోవడం చాలా అరుదు. ఆ జరిమానాను దాచినందుకు పోయిన ఉద్యోగాలు మాత్రం కోర్టుల్లో కుప్పలుగా కనిపిస్తాయి. మీ బాబాయి మీ మంచి కోరే చెప్పారు, సందేహం లేదు. కానీ రేపు షోకాజ్ నోటీసు వస్తే సంతకం పెట్టి తీసుకోవాల్సింది మీరు.

మీ బాబాయి మాట ఆయనొక్కడిదే అనుకోకండి. ‘పెట్టీ కేసు పెట్టి వదిలేశారు’ అని మన దగ్గర ఎంత తేలిగ్గా అంటారో రోజూ వింటూనే ఉంటాం. తాగి అరిచినా, పేకాటలో దొరికినా, తోపుడు బండి రోడ్డుకు అడ్డంగా పెట్టినా, గోడ పక్కన నిలబడి పోలీసుల కంటపడినా, అన్నిటికీ అదే మాట. పోలీసులకు పెట్టీ కేసు అంటే ఒక రిజిస్టరు. హైదరాబాద్‌లో ఆ రిజిస్టరు ట్యాబ్‌లోకి ఎక్కి ‘ఈ-పెట్టీ’ అయింది. అక్కడ ఎక్కువగా వాడేది 1348 ఫస్లీ నాటి నగర పోలీసు చట్టం, అంటే నిజాం కాలపుది. కోస్తా వైపు ‘టౌన్ న్యూసెన్స్’ కింద రాస్తారు. దాని మూలం 1889లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం. అంతా చిల్లర గొడవలకే, అంతా పాతవే.

చట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ మాట చాలా ఇరుకైపోతుంది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 206వ సెక్షన్ ప్రకారం పెట్టీ నేరం అంటే కేవలం జరిమానా మాత్రమే వేయదగినది, అదీ రూ.1,000 మించనిది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 229వ సెక్షన్లో ఆ పరిమితి రూ.5,000 అయింది. ఒక్కరోజు జైలుకు వీలున్నా అది ఈ నిర్వచనంలోకి రాదు. తాగి బహిరంగంగా అల్లరి చేయడమే చూడండి. ఐపీసీ 510 కింద దానికి 24 గంటల సాధారణ జైలు లేదా రూ.10 జరిమానా, లేదా రెండూ. ఆ పది రూపాయలు 1860 నుంచి 2024 జూన్ 30 దాకా పది రూపాయలుగానే ఉండిపోయాయి! ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 355లో రూ.1,000 చేసి, సమాజ సేవ అనే కొత్త శిక్షను కూడా చేర్చారు. జనం దృష్టిలో ఇంతకన్నా చిన్న కేసు ఉండదు. అయినా 24 గంటల జైలు అన్న ముక్క ఉంది కాబట్టి ఆ సెక్షన్ లెక్కలో ఇది పెట్టీ నేరం కాదు. డ్రంక్ అండ్ డ్రైవ్ అంతకన్నా కాదు. మోటారు వాహనాల చట్టం నేరాలను ఆ నిర్వచనం నుంచి పేరు పెట్టి మరీ తప్పించారు. మొదటిసారి తాగి నడిపి దొరికినా ఆరు నెలల దాకా జైలు, రూ.10,000 దాకా జరిమానా పడవచ్చు. దాన్ని పెట్టీ కేసు అని నమ్మి ఫారంలో వదిలేసేవాళ్లు ఎందరో.

దొంగతనం సంగతి ఇంకా చెప్పాలి. సూపర్ మార్కెట్లో మూడొందల వస్తువు జేబులో వేసుకోవడం వస్తువును బట్టి చిల్లర విషయంలాగే కనిపిస్తుంది. చట్టం చూసేది దొంగతనాన్ని. ఐపీసీ 379 కింద మూడేళ్ల దాకా జైలుకు వీలుండేది. కొత్త సంహితలో మాత్రం రూ.5,000 లోపు వస్తువు, మొదటిసారి తప్పు, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టమన్నారు. శిక్ష తగ్గింది గానీ దొంగతనం అన్న పేరు అలాగే ఉంది. ఉద్యోగమిచ్చేవాళ్లు చూసేదీ ఆ పేరునే.

మీ 290 అలాంటిది కాదు. బహిరంగ ప్రదేశంలో ఇతరులకు ఇబ్బంది కలిగించడం, అంటే పబ్లిక్ న్యూసెన్స్. దానికి జైలు లేదు, రూ.200 దాకా జరిమానా ఒక్కటే. (కొత్త సంహితలో 292, జరిమానా రూ.1,000 దాకా. మీ సంగతి 2023లో జరిగింది కాబట్టి మీకు పాతదే.) జనం వాడుకలో, పోలీసు రిజిస్టర్లో, చట్టంలో మూడు చోట్లా నిఖార్సుగా పెట్టీ అనిపించుకునే కొద్ది కేసుల్లో మీదొకటి. అంతవరకు మీ బాబాయి ఒప్పే.

ఆయన తప్పింది రెండు చోట్ల. ఒకటి ఎఫ్ఐఆర్. 290 నాన్ కాగ్నిజబుల్ నేరం. ఇలాంటివాటిలో పోలీసులు మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా దర్యాప్తు చేయకూడదు, వారంటు లేకుండా అరెస్టు చేయకూడదు. అందుకే ఎఫ్ఐఆర్ ఉండదు. స్టేషన్లో వివరాలు రాసుకుని నేరుగా కోర్టులో కాగితం దాఖలు చేస్తారు. కోర్టు దానికి నంబరు ఇస్తుంది. మీ రసీదు మీది ఎస్.టి.సి. అదే, సమ్మరీ ట్రయల్ కేసు. ఎఫ్ఐఆర్ లేకపోయినా కేసు ఉంది, నంబరు ఉంది, తీర్పు కూడా ఉంది.

రెండోది ఆ తీర్పు. ఆరోజు కోర్టులో ఎలా జరిగి ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టు తెలుసు. పదిన్నరకల్లా వరండా నిండా మీలాంటివాళ్లు. కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ చేతిలో లిస్టు పట్టుకుని ‘అందరూ సెల్లులు ఆఫ్ చేయండి, లోపల అడిగితే ఒప్పుకుంటున్నా అనండి, అయిపోతది’ అని చెప్పి ఉంటాడు. బంట్రోతు పేర్లు పిలుస్తాడు. అయిదుగురో ఆరుగురో ఒకేసారి బోను దగ్గర నిలబడతారు. మేజిస్ట్రేటు చదివి వినిపించి ‘తప్పు ఒప్పుకుంటున్నారా’ అని అడుగుతారు. ‘ఒప్పుకుంటున్నాం సార్’. కిందికొచ్చి డబ్బు కట్టి, రసీదు మడిచి పర్సులో పెట్టుకుని, ఎదురుగా హోటల్లో టిఫిన్. అంతా కలిపి చూస్తే నిలబడి మాట్లాడింది రెండు నిమిషాలు కూడా ఉండదు. ఆ రెండు నిమిషాల్లో జరిగిన దానికి చట్టంలో పేరు కన్విక్షన్, నేర నిర్ధారణ. ‘ఫైన్ కట్టేస్తే కేసు కొట్టేసినట్టే’ అని వరండాలో అనుకునే మాట పచ్చి అబద్ధం. పైగా ఒప్పుకున్న కేసులో శిక్ష ఎక్కువైందనో చట్ట ప్రకారం లేదనో తప్ప అప్పీలుకు వెళ్లే దారి కూడా ఉండదు. నాకు ఈ పద్ధతి మీద చాలా కాలంగా కోపం ఉంది. రెండు వందలు కట్టేముందు ‘బాబూ, రేపు ఉద్యోగానికి పోతే ఇది రాయాల్సి వస్తుంది’ అని చెప్పే మనిషి ఆ వరండాలో ఒక్కరైనా ఉండరు.

ఇక మీ ఫారం. కేంద్ర ప్రభుత్వ అటెస్టేషన్ ఫారంలో ఈ ప్రశ్నలను ఎవరో బాగా ఆలోచించే విడగొట్టారు. అరెస్టయ్యారా అన్నది ఒకటి, ప్రాసిక్యూట్ చేశారా అన్నది ఒకటి, నిర్బంధంలో ఉంచారా అన్నది ఒకటి, బైండోవర్ చేశారా, అంటే మంచిగా ఉంటానని పూచీకత్తు రాయించుకున్నారా అన్నది ఇంకొకటి. కోర్టు జరిమానా వేసిందా, కోర్టు దోషిగా తేల్చిందా అన్నవి మళ్లీ వేర్వేరు. ‘ఫైనే కదా’ అనుకుని తప్పుకోవడానికి సందు లేకుండా ఫైనుకే ఒక గడి పెట్టారు. ప్రతి గడికీ విడిగా నిజం రాయాలి. ప్రాసిక్యూషన్, జరిమానా, కన్విక్షన్ మూడింటికీ మీ జవాబు అవును. అరెస్టు, నిర్బంధం దగ్గర కొంచెం ఆగండి. మీరు చెప్పినదాన్ని బట్టి వివరాలు రాసుకుని పంపేశారు. అరెస్టు మెమో మీద గానీ, జామీను కాగితం మీద గానీ సంతకం పెట్టిన గుర్తుందా? లేకపోతే అరెస్టు దగ్గర ‘లేదు’ అనే రాయవచ్చు. కోర్టు ఫైలులో ఏముందో చూశాకే అది తేల్చుకోండి. నిర్బంధం గడిలో మాత్రం ‘లేదు, ఫలానా రాత్రి వివరాల కోసం స్టేషనుకు తీసుకెళ్లి రెండు గంటలకు పంపేశారు’ అని ఒక ముక్క జోడిస్తే సరి. ఉన్నదానికన్నా ఎక్కువ ఒప్పుకోవడం కూడా తప్పు సమాచారమే అవుతుంది.

ఫైలు చూడటం కష్టమేం కాదు. ఈ-కోర్ట్స్ సైటులో మీ కోర్టు ఎంచుకుని కేసు నంబరు, సంవత్సరం కొడితే స్థితి కనిపిస్తుంది. కనిపించకపోయినా కంగారు పడకండి, అన్ని పాత చిన్న కేసులూ అక్కడ దొరకవు. రసీదు జిరాక్సుతో ఆ కోర్టు కాపీయింగ్ సెక్షన్లో కాపీ అప్లికేషన్ పెట్టి, తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అది చేతికి వచ్చాక ఒక్క లైను జాగ్రత్తగా చదవండి. దోషిగా తేల్చి జరిమానా వేశారా, లేక రాజీతో కాంపౌండ్ చేసి మూసేశారా అన్నది అందులో ఉంటుంది. మీరు ఒప్పుకున్నామన్నారు కాబట్టి మొదటిదే అయ్యుండాలి. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, లోక్ అదాలత్‌లో రాజీపడి ముగిసిన కేసు ఫలితం చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. బయట మాత్రం రెండింటినీ ‘కోర్టులో సెటిలైంది’ అనే అంటారు.

ఫారంలో జాగా తక్కువ ఉంటుంది. ‘వివరాలు జతచేశాను’ అని రాసి, విడి తెల్లకాగితం మీద కోర్టు పేరు, కేసు నంబరు, సెక్షన్, సంఘటన తేదీ, తీర్పు తేదీ, జరిమానా మొత్తం, కట్టిన తేదీ ఇవ్వండి. పుట్టినరోజున రోడ్డు మీద శబ్దం చేసినందుకు కేసు అని ఒక వాక్యం, ఎవరినీ కొట్టడం గానీ ఆస్తి నష్టం గానీ జరగలేదని ఒక వాక్యం, ఇది తప్ప వేరే కేసు లేదని ఒక వాక్యం. అంతే. క్షమాపణలు, కుటుంబ పరిస్థితులు, నాన్నగారి ఆరోగ్యం అక్కర్లేదు. సర్టిఫైడ్ కాపీ, రసీదు జిరాక్సులు జతచేసి, మొత్తం సెట్టు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. వెరిఫికేషన్‌కు స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ ఇంటికొస్తే అదే సెట్టు చూపించండి. ఆయన రిపోర్టూ మీ ఫారమూ ఒకే మాట చెప్పాలి, అదే మీకు కావలసింది.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే దీని మీద సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. 1996లో పవన్ కుమార్ వర్సెస్ స్టేట్ ఆఫ్ హర్యానా కేసు. ఐపీసీ 294 కింద తప్పు ఒప్పుకుని రూ.20 జరిమానా కట్టిన ఒక చిన్న ఉద్యోగి కొలువు పోగొట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లాడు. కోర్టు అతని పక్షాన తీర్పిస్తూ, రూ.2,000 దాకా అనుకుందాం, అంతలోపు జరిమానా పడిన చిన్న కేసులను ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో అసలు కన్విక్షన్‌గానే లెక్కించకుండా పార్లమెంటు ఒక చట్టం తెస్తే బాగుంటుందని సూచించింది. అలాంటి చట్టం వచ్చి ఉంటే మీరు నాకు ఈ ఉత్తరం రాసేవారే కాదు.

మీకు నేరుగా పనికొచ్చేది 2016లో ముగ్గురు జడ్జీలు ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పు. ఫారంలో దాచిపెట్టిన కేసుల మీద అప్పటిదాకా ఉన్న రకరకాల తీర్పులను దగ్గర పెట్టుకుని ఒక దారి వేసింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాచకూడదు అన్నది మొదటి సూత్రం. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి స్వల్ప విషయమో, చెప్పినా ఉద్యోగానికి అనర్హుడు కాని పెట్టీ నేరమో అయితే, దాచినా కూడా యాజమాన్యం తన విచక్షణతో మన్నించవచ్చు అంది. మీ బాబాయికి ఈ ముక్క ఎవరైనా చెబితే ‘చూశావా’ అంటారు. కానీ ‘మన్నించవచ్చు’ అన్నారు, ‘మన్నించాలి’ అనలేదు. ఆ విచక్షణ ఎవరో అధికారి చేతిలో ఉంటుంది. మీ జాతకం ఆయన టేబుల్ మీద పెట్టడం ఎందుకు? ఇంకో వైపూ చెప్పాలి. నిజం రాసినా సరే, ఆ పాత విషయాన్ని పరిశీలించే హక్కు యాజమాన్యానికి ఉంటుందనీ, ఉద్యోగం ఇచ్చి తీరాలని బలవంతపెట్టలేమనీ అదే తీర్పు అంటుంది. ఇందుకే మొదట ‘చాలా అరుదు’ అన్నాను, ‘అసలు జరగదు’ అనలేదు. పోలీసు ఉద్యోగాల్లో ఈ పరిశీలన ఇంకా గట్టిగా ఉంటుంది. మీది గుమాస్తా ఉద్యోగం, మీ నేరంలో మోసం లేదు, దెబ్బలు లేవు, దొంగతనం లేదు. ఒకవేళ కాదన్నా, నిజం చెప్పిన మనిషిగా ట్రైబ్యునల్ ముందు నిలబడితే మీ వాదనకు బలం ఉంటుంది. అబద్ధం రాసి దొరికాక నిలబడితే, జరిమానా రెండు వందలా రెండు లక్షలా అని ఎవరూ అడగరు.

మీ అక్కగారి మిస్డిమీనర్‌కు వద్దాం. అమెరికాలో ఏడాదికి మించిన జైలుకు వీలున్నది ఫెలొనీ, అంతకు లోపు మిస్డిమీనర్ అన్నది స్థూలంగా లెక్క. ఫెడరల్ చట్టంలోనైతే జైలే లేని, లేదా అయిదు రోజులకు మించని నేరాన్ని ఇన్‌ఫ్రాక్షన్ అంటారు. ఆ లెక్కన మీది మిస్డిమీనర్ దాకా కూడా రాదు. కానీ ఆవిడ ఉన్నది టెక్సస్‌లో. అక్కడ క్లాస్ సి మిస్డిమీనర్ అని ఒకటుంది. జైలు లేదు, 500 డాలర్ల దాకా జరిమానా మాత్రమే. రోడ్డు మీద అల్లరి, తాగి తూలడం అందులోకే వస్తాయి. కాబట్టి డాలస్‌లో కూర్చుని చూస్తే ఆవిడ సరిగ్గానే అన్నారు. తమాషా ఏమిటంటే, క్లాస్ సి కన్విక్షన్ వల్ల చట్టపరంగా ఎలాంటి అనర్హతా రాదని టెక్సస్ శిక్షాస్మృతిలోనే రాసి ఉంది. మన సుప్రీంకోర్టు 1996లో పార్లమెంటును కోరింది దాదాపు ఇదే.

అయితే అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ‘మిస్డిమీనరే కదా’ అనుకోవడం చూస్తే భయమేస్తుంది. టెక్సస్‌లో 100 నుంచి 750 డాలర్ల లోపు దొంగతనం క్లాస్ బి, 180 రోజుల దాకా జైలుకు వీలున్నది. షాపులో బిల్లు కట్టకుండా బయటికొచ్చి దొరికి, లోకల్ కోర్టులో ఒప్పుకుని బయటపడినా, ఇమిగ్రేషన్ దగ్గర దొంగతనాన్ని నైతిక పతనం కిందికొచ్చే నేరంగా చూస్తారు. ఒకే ఒక్క చిన్న నేరానికి అక్కడి చట్టంలో మినహాయింపు ఉంది గానీ, అది వర్తిస్తుందో లేదో ఒప్పుకోవడానికి ముందే ఇమిగ్రేషన్ లాయరును అడగాలి. రేపు మీరే అక్క దగ్గరికి వెళ్లాలనుకున్నా వీసా డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టు గానీ కన్విక్షన్ గానీ ఉందా అని అడుగుతారు. అక్కడా ‘ఎస్’ పెట్టి ఇవే కాగితాలు చూపించాలి. న్యూసెన్సు జరిమానా వీసాకు అడ్డంకి కావడం సాధారణంగా జరగదు.

ఇలాంటి జవాబు ఎప్పుడు రాసినా ‘నా బండి మీద అయిదు చలాన్లున్నాయి, అవీ రాయాలా’ అని ఉత్తరాలు వస్తాయి కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. హెల్మెట్ లేదనో సిగ్నల్ దాటారనో వచ్చిన ఈ-చలానాను ఆన్‌లైన్లో కట్టేస్తే అది కాంపౌండింగ్, అంటే కోర్టు దాకా వెళ్లకుండా సొమ్ము కట్టి ముగించుకోవడం, కోర్టు వేసిన జరిమానా కాదు. కోర్టుకు వెళ్లి కట్టినదైతే అది వేరే. అలాగే సంఘటన నాటికి 18 ఏళ్లు నిండనివాళ్లకు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం రక్షణ ఉంది. అలాంటివాళ్లు ఫారం నింపేముందు విడిగా సలహా తీసుకోవాలి.

ఇంకా కోర్టు మెట్లెక్కనివాళ్లు, వచ్చే వారమో పై వారమో పిలుపు ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. తప్పు చేయకపోతే ఒప్పుకోనక్కర్లేదు, లాయరు ఫీజు కట్టలేకపోతే 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవల సంస్థ వాళ్లు ఎవరిని కలవాలో చెబుతారు. తప్పు చేసి ఉంటే, ఒప్పుకునేటప్పుడే ‘1958 ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం మూడో సెక్షన్ కింద మందలించి వదిలేయమని’ అడగండి. అంతకుముందు శిక్షలేవీ లేనివాళ్లకు, కేవలం జరిమానా నేరాల్లో కూడా, మేజిస్ట్రేటుకు ఆ అధికారం ఉంది. అలా వదిలితే కన్విక్షన్ వల్ల వచ్చే అనర్హత అంటదని అదే చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఫారంలో అడిగితే చెప్పాల్సిందే గానీ, చెప్పేటప్పుడు చేతిలో గట్టి కాగితం ఉంటుంది. ఇస్తారా ఇవ్వరా అన్నది మేజిస్ట్రేటు ఇష్టం. అడిగేవాళ్లే లేరు.

ఇక మీ నాలుగో స్నేహితుడు. నిజం చెప్పాలంటే మీకన్నా ఆయన గురించే నాకు ఎక్కువ బెంగ. మీ కేసు ముగిసిపోయింది, ఆయనది బహుశా బతికే ఉంది. కేవలం జరిమానా పడే నేరాన్ని కోర్టు ఆరు నెలల్లోపు విచారణకు తీసుకోవాలన్న గడువు ఉన్నమాట నిజమే. కానీ మిగతా ముగ్గురితో పాటు ఆయన పేరూ అప్పుడే ఎక్కి ఉంటే ఆ గడువు ఇప్పుడు ఆయన్ని కాపాడదు. రాలేదని ఆయన్ని విడగొట్టి వేరే నంబరు ఇచ్చి ఉండవచ్చు, వారంటు కూడా జారీ అయ్యి ఉండవచ్చు. పాస్‌పోర్టు చట్టం లెక్క ఇక్కడ తలకిందులుగా కనిపిస్తుంది. ముగిసిన కేసులో అడ్డంకి రావాలంటే నైతిక పతనం కిందికొచ్చే నేరం, దానికి రెండేళ్లకు తక్కువ కాని జైలు, అదీ గత అయిదేళ్లలో పడి ఉండాలి. కాబట్టి మీకు దిగుల్లేదు. అదే పెండింగ్‌లో ఉన్న కేసైతే ఎంత చిన్నదైనా పాస్‌పోర్టు ఆపవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే ఇస్తారు గానీ, కోర్టు గడువు చెప్పకపోతే మామూలుగా ఏడాదికే ఇస్తారు. రెండు వందలతో పోయేదానికి అంత తిరుగుడు ఎందుకు?

ఏజెంటుకు డబ్బు కట్టకముందే ఆయన్ని అదే కోర్టుకు పంపండి. మీ రసీదు నంబరు పట్టుకుని వెళితే క్లర్కు గారు ఆయన కేసు ఏ దశలో ఉందో చూసి చెబుతారు. వారంటు ఉంటే ఒంటరిగా వెళ్లొద్దు. స్థానిక లాయరుతో వారంటు రద్దు చేయమని కోరే రీకాల్ పిటిషన్ వేయించుకుని అదే రోజు హాజరవ్వాలి. ఆరోజే మందలింపు కోసం అడగమనండి. ముగిశాక సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఆ తర్వాతే పాస్‌పోర్టుకు అప్లై చేయమనండి. ఇప్పటికే పాస్‌పోర్టు ఉన్నా, గల్ఫ్ ఉద్యోగాలకు పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతుంటారు. అది స్టేషన్ రికార్డు చూసే ఇస్తారు కాబట్టి పని ఎటు తిరిగినా అదే కోర్టు దగ్గరికి వస్తుంది.